గది దొరికింది

గది చూడబోయినవాడు ముందు కప్పు చూసుకోవాలని ఖలందర్ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. నెహెమ్యా మాత్రం తల వంచి లోపలికి అడుగుపెట్టగానే కిటికీ కోసం వెతికాడు. హజ్రా బీ గదికి కిటికీ లేదు. మట్టిగోడలు, పేడతో అలికిన నేల, మూలన గుంజకు కట్టేసిన మేక. కొత్తమనిషిని చూసి మేక ఒక్కసారి అరిచి, మళ్ళీ తన మేతలో తాను పడింది.

"మేకని బయట కట్టేస్తాలే బేటా. దాన్ని చూసి భయపడబాక," అంది హజ్రా బీ గుమ్మంలో నిలబడి.

"కిటికీ లేదుగా పెద్దమ్మా!"

"కిటికీ ఎందుకు? తలుపు తీసిపెట్టుకుంటే గాలి రానంటదా?"

ఖలందర్ పకపకా నవ్వాడు. అతను వేరుశనగ మిల్లులో ఇంజన్ మేస్త్రీ. హజ్రా బీ అతని తల్లికి సొంత అక్క. నెహెమ్యా అదే మిల్లులో కాటా గుమాస్తాగా చేరి ఇంకా నెల తిరగలేదు. ఇన్నాళ్ళూ మిల్లు షెడ్డులో గోతాల మీదే పడక. నరసరావుపేటలో అప్పుడు గది దొరకడమంటే మాటలు కాదు. జపానువాడు బాంబులేస్తాడని కాకినాడ నుంచీ మద్రాసు నుంచీ పెట్టేబేడా సర్దుకుని వచ్చిన జనం చుట్టాల ఇళ్ళు నింపేసి, సత్రాలు నింపేసి, ఆఖరికి గొడ్లచావిళ్ళకు కూడా అద్దెలు కడుతున్నారు. అలాంటి రోజుల్లో కిటికీ లేదని మొహం ముడుచుకునేవాణ్ణి ఏమనాలి? ఇరవయ్యొక్క ఏళ్ళవాడు. అంతకన్నా అనడానికేమీ లేదు.

"ఉండేది ఎవరెవరు?" అనడిగింది హజ్రా బీ.

"నేనూ, మా అక్కానూ." ఖలందర్‌కు ఎలాగూ తెలిసిన సంగతే కదా అని మిగతాదీ చెప్పేశాడు. "మేం మాలపల్లెవాళ్ళం పెద్దమ్మా. కిరస్తానీలం."

"ఉంటే ఏంది? బావి అదిగో. చేద నువ్వేసినా, మీ అక్కేసినా నీళ్ళు అవే వస్తయ్."

ఆ మాటకి నెహెమ్యా గుండె ఒక్క క్షణం తేలికైంది. కానీ వీధిలోకి వచ్చేసరికి మళ్ళీ బరువెక్కింది. మిల్లులో పెద్దగుమాస్తా దగ్గర్నుంచి హమాలీల దాకా అందరూ అడిగేది ఒకటే: యాడ దిగావు? యాడ దిగావంటే ఎవరివి అని అర్థం. ఈద్గా వెనక మేకతోపాటు దిగానని చెబితే ఆ రెండో ప్రశ్నకి కూడా జవాబు చెప్పినట్టే.

"చూద్దాంలే," అన్నాడు ఖలందర్‌తో.

మర్నాడు ఖలందర్‌తో చెప్పకుండా ఒక్కడే పెద్ద బజారు వెనక వీధికి వెళ్ళాడు. అక్కడ సుబ్బరత్నమ్మగారి ఇల్లు. ఆవిడ భర్త ధాన్యం వ్యాపారం చేసి చేసి పోయాడు. పిల్లలు లేరు. వీధి అరుగు పక్కనున్న గది అద్దెకిస్తుందని మిల్లులో అనుకుంటుంటే విన్నాడు. గోడలకు కొత్తగా సున్నం కొట్టించి ఉంది. వీధివైపు ఇనుపచువ్వల కిటికీ. కింద నాపరాళ్ళ నేల. చెప్పులు విడిచి పాదం మోపితే చల్లగా తగిలింది. నీలం రాయి మీద గోధుమరంగు చార. ఆ చారను ఎక్కడున్నా గుర్తుపడతాడు. తమ ఊరి గని రాయది.

"పేరేంది నాయనా?"

"నాగయ్యండి."

అది అబద్ధం కాదు. బాప్తిస్మంలో పాస్టరుగారు పెట్టిన పేరు నెహెమ్యా. అంతకుముందే తాత పెట్టిన పేరు నాగయ్య. పల్లెలో సగం మందికి రెండేసి పేర్లు. మిల్లు పద్దులోనూ నాగయ్యే.

"ఎవరబ్బాయివి?"

"నడికుడి దగ్గర, పిచ్చియ్యగారబ్బాయినండి. నాన్న పోయారు. మాది నాపరాళ్ళ పని."

"ఓహో, గని ఉందా మీకు!"

నెహెమ్యా నోరు తెరిచాడు. సుబ్బరత్నమ్మ మొహం కలకల్లాడుతూ ఉంది. నోరు మూసుకున్నాడు.

"కాకినాడవాళ్ళు వచ్చి ఎంతైనా ఇస్తామన్నారయ్యా," అంది ఆవిడ. "నాకు డబ్బెందుకు? ఎరగనివాళ్ళు, ఏ కులమో ఏందో, రేపు నా బావిలో చేద వేస్తే నా గతేంకాను? నిన్ను చూస్తే మా ఇంటి పిల్లవాడిలాగా ఉన్నావు. నువ్వు వస్తానంటే ఇంకొకరికివ్వను."

సోమవారం చెబుతానని దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. ఒక్క అబద్ధమూ ఆడలేదు. వీధి చివరిదాకా ఆ సంగతే తనకు తాను చెప్పుకుంటూ నడిచాడు.

ఆదివారం పొద్దున, యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుపొయ్యితో నడిపిస్తున్న బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళాడు. ప్రార్థన అయిపోయి జనం ఇళ్ళకు పోయారుగానీ రోశమ్మ గనిలోనే ఉంది. లారీ వచ్చింది, పలకలెక్కించాలి. మగవాళ్ళు రాతిపొర సందున గునపాలు దూర్చి, ఒక్క ఊపుతో పలకను లేపుతున్నారు. ఆడవాళ్ళు నెత్తిన గుడ్డచుట్ట పెట్టుకుని వంగితే ఇద్దరు మగవాళ్ళు పలకనెత్తి పెడతారు. మెడ నిలబెట్టి, కళ్ళు ఎదర పెట్టి, పలకతో గట్టెక్కాలి. రోశమ్మ ఇప్పుడు ఆ వరసలో లేదు. కిందటి వేసవిలో పలక జారి కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. అప్పట్నుంచి గంపతో రాతిముక్కలు ఏరి పోస్తోంది, సగం కూలికి. వేళ్ళకు ఇంకా పాతగుడ్డ చుట్టే ఉంది.

తమ్ముణ్ణి చూసి గంప దించింది. కొంగుతో మొహం తుడుచుకుంటే నుదుటి మీద రాతిపిండి ఇంకాస్త పరుచుకుంది.

"దొరికిందంటరా?"

రెండు గదుల సంగతీ, ఏది ఏ వీధిలో ఉందో చెప్పాడు. ఆమె అంతా విని, "ఆ బీబీ గదే నయం గదరా," అంది. "బావిలో చేద ఎయ్యమన్న మనిషిని ఇడిసిపెట్టుకుంటారా ఎవరన్నా?"

"నీకు తెలవదులే అక్కా. రెండోదానికి కిటికీ ఉంది. కింద నేల మన గని రాయే."

"మన రాయా? నిజంగా?"

"నీలం మీద గోధుమ చార."

రోశమ్మ నవ్వింది. "అయితే నా నెత్తి మీంచి పోయిన రాళ్ళ మీదే పడుకుంటావన్నమాట." అంతలోనే నవ్వు ఆగిపోయింది. "ఆయమ్మ మనల్ని రానిచ్చిద్దా?"

"ఎవరూ ఏం అడగర్లే. నువ్వు సక్కగా నడిచిరా, చాలు. వంగబాక. దూరంగా నిలబడబాక. చెప్పులు చేత్తో పట్టుకోబాక. అమ్మగారూ అనబాక, పిన్నిగారూ అను."

గుడిసె ముందుకొచ్చాక నడిపించి చూశాడు కూడా. రోశమ్మ మెడ నిలబెట్టి, చెప్పులు టపటపలాడించుకుంటూ ఆ చివరిదాకా పోయి వచ్చింది. పక్కగుడిసె పుల్లమ్మ చూసి, "ఏమే, దొరసానివి అయ్యావంటే!" అని కేకేసింది. పలక మోసేటప్పుడు రోజూ నిలిపిన మెడే అది. ఖాళీ నెత్తితో నిలపడానికి మాత్రం ఆమెకు చేతకావడం లేదు. నాలుగడుగులు వేసేసరికి వంగిపోతోంది. "పిన్నిగారూ" అన్నమాట నోట్లోంచి సగమే వచ్చి, మిగతా సగం నవ్వులో కలిసిపోయింది.

"గది దొరికిందని కబురు చెయ్యి. మూటగట్టుకుని వచ్చేస్తా," అంది బస్సు దగ్గర. "ఈ గుడిసె గనివాళ్ళది గదా, పలకలు మోసేవాళ్ళకి ఇవ్వాలంటుండాడు మేస్త్రీ. ఇక నాకు నువ్వు తప్ప ఏముందిరా."

నెహెమ్యా ఆమె చేతిని పట్టుకుని, గుడ్డ చుట్టిన వేళ్ళను మెల్లిగా ఒత్తాడు. అప్పుడతనికి నిజంగానే ఏ భయమూ లేదు.

సోమవారం సాయంత్రం సుబ్బరత్నమ్మగారి గదిలో చేరాడు. ఆవిడ పాలు పొంగించింది, వంకాయకూర పంపించింది. మంగళవారం పొద్దున్నే లేచి కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే బండ్లను చూశాడు. ఆ సంబరంలో బస్సుల దగ్గరికి పరుగెత్తి, బొగ్గుపొయ్యి చక్రం తిప్పుతున్న క్లీనరుతో, "గది దొరికిందని మా అక్కతో చెప్పు, పెద్ద బజారు వెనక వీధి, నాగయ్యని అడగమను," అని చెప్పాడు. బస్సు వెళ్ళిపోయింది. మధ్యాన్నం కాటా మీద గోతం పెట్టించి ముల్లు చూస్తున్నప్పుడుగానీ తట్టలేదు, ఇంటావిడకు ఒక్కముక్కయినా చెప్పి పెట్టుకోకుండా పిలిచానే అని. నాలుగు రోజులాగి, తనే వెళ్ళి దగ్గరుండి తీసుకురావాల్సింది. కానీ ఆ మాట ఇక ఎవరితో చెప్పడం?

బుధవారం రోశమ్మ రానే వచ్చింది. నెహెమ్యా మిల్లుకు పోబోతూ తల దువ్వుకుంటున్నాడు. సుబ్బరత్నమ్మ అరుగు మీద చేటలో కందిపప్పు ఏరుకుంటోంది. వీధి మలుపులో అక్క కనపడింది. నెత్తిన గోనెమూట. మెడ నిలబెట్టి, కాళ్ళకు చెప్పులతో, చెప్పినట్టే చక్కగా నడిచివస్తోంది. అతను దువ్వెన పక్కన పెట్టేసి, కిటికీ చువ్వలు పట్టుకుని చూశాడు. ఇంకో పది అడుగులు నడిస్తే చాలు.

అరుగు మీది మనిషిని రోశమ్మ అప్పుడు చూసింది. అంతే, మురుగుకాలవ ఇవతలే ఆగిపోయింది. నెత్తి మీది మూట ఒంటిచేత్తో పట్టుకుని, వంగి, చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుంది. ఎవరూ తీయమనలేదు. ఎవరూ ఆగమనలేదు. పుట్టిన దగ్గర్నుంచి నేర్చిన ఒళ్ళు దాని పని అది చేసుకుపోయింది. చేశాక ఆమెకే తెలిసినట్టుంది, చేతిలో చెప్పులవంక చూసుకుని తెల్లబోయింది.

"అమ్మగారూ, నాగయ్య... ఈ ఇంట్లోనా తల్లీ ఉండేది?"

సుబ్బరత్నమ్మ చేట పక్కన పెట్టింది. "ఎవరే నువ్వు? మాలపల్లెదానివా?"

"అవునమ్మా."

"నాగయ్యతో నీకేం పని? అతనికి నువ్వేమవుతావే?"

అది కోపంతో అడిగిన మాట కూడా కాదు. నెహెమ్యా అప్పటికి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రోశమ్మ తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. మా అక్క. రెండే మాటలు. ఆవిడ ఏరుతున్న పప్పు, కొత్త సున్నం గోడ, వీధిలో పోతూ పోతూ ఆగిన ఇద్దరు మనుషులు, అన్నీ కనపడుతున్నాయి. నోరు మాత్రం మూసుకునే ఉంది. అలవాటైపోయిన నోరు అది.

అక్క ఆ మూసిన నోటిని చూసింది. ఎంతోసేపు చూడలేదు. నవ్వింది.

"నేనేమవుతాను తల్లీ! బాబుగారి ఊరుదాన్ని. జొన్నలు పంపిచ్చారు ఇంటికాణ్ణించి, ఇచ్చిపోదామని వచ్చా."

"ఆ గనిలో కూలిదానివా?"

"అవునమ్మా, గనిలోనే."

"అక్కడ దించు. ఇంత ఎండన పడి వచ్చావు, పాపం." సుబ్బరత్నమ్మ గొంతులో నిజంగానే జాలి ఉంది. "నాగయ్యా, దానికి కాసిని మంచినీళ్ళు పొయ్యి నాయనా."

అరుగు చివర ఇత్తడి చెంబు ఉంది. నెహెమ్యా దాన్ని అందుకున్నాడు. రోశమ్మ మెట్టు కింద గొంతుక్కూర్చుని, దోసిలి పట్టి నోటికి ఆనించుకుంది. అతను నిలబడి పైనుంచి నీళ్ళు పోశాడు. చేతులకు చేతులు తగలకుండా ఎంత ఎత్తు నుంచి పొయ్యాలో అతనికి తెలుసు. చిన్నప్పుడు తను కూడా అలాంటి నీళ్ళే తాగాడు. నలిగిన వేళ్ళ సందులోంచి నీళ్ళు కారిపోయి, మోచేతుల మీదుగా మట్టిలోకి పోతున్నాయి. ఆమె తాగింది తక్కువ.

"చాలు బాబుగారూ," అంది.

తనకు గోరుముద్దలు తినిపించి పెంచిన మనిషి, చిన్నప్పుడు నీళ్ళు పోసుకోనని మారాం చేస్తే ఈడ్చుకుపోయి పోసిన మనిషి, గారూ అంది. లేచి, తెరిచి ఉన్న తలుపులోంచి గదిలోని నేల కేసి ఒక్కసారి చూసింది. నీలం రాయి, గోధుమ చార. "వస్తానండి," అని వెనక్కి తిరిగింది. వీధి మలుపు దాటేదాకా చెప్పులు చేతిలోనే ఉన్నాయి.

"మంచిదల్లే ఉంది," అంటూ సుబ్బరత్నమ్మ మూట మీద కాసిని నీళ్ళు చిలకరించి, "నువ్వే లోపలికి లాక్కో," అంది.

మిల్లులో ఆ రోజంతా నెహెమ్యా కాటా తప్పు చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం గదికి వస్తే, "ఆ జొన్నలు ఎండబోసుకో, పురుగుపడతయ్," అంది సుబ్బరత్నమ్మ. తలుపు దగ్గరగా వేసి మూట విప్పాడు.

పైన చిన్నగుడ్డలో కాసిని జొన్నలున్న మాట నిజమే. కింద రెండు చీరలు, ఒక దుప్పటి, అన్నం వండుకునే సత్తుగిన్నె, ఉప్పు, చింతపండు, నెత్తిన పెట్టుకునే ఆ గుడ్డచుట్ట. అన్నిటికన్నా అడుగున ఒకదాని మీద ఒకటి బోర్లించిన రెండు కంచాలు. ఒకటి పాతది, సొట్టలు పడ్డది, ఆమెది. రెండోది కొత్తది.

నెహెమ్యా ఆ కంచాలను చేతుల్లో పెట్టుకుని నాపరాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె జొన్నలిచ్చి పోవడానికి రాలేదు, కాపురముండటానికి వచ్చింది. జొన్నలని చెప్పింది కనక మళ్ళీ మూట ఎత్తుకుని పోలేకపోయింది. కట్టుకున్న చీరతో పోయింది.

బస్సుల దగ్గరికి పరుగెత్తాడు. ఆ పూట బస్సు ఎప్పుడో వెళ్ళిపోయిందన్నారు. తెల్లారి మొదటి బస్సెక్కాడు. నడికుడి దగ్గర దిగి, గనిదాకా ఆగకుండా నడిచాడు. అక్క గుడిసె ముందు ఎవరో కొత్తమనిషి పొయ్యి రాజేస్తోంది.

పుల్లమ్మ అతన్ని చూసి ఎదురొచ్చింది. "ఏరా నెహెమ్యా, మీ అక్క ఏదీ? బాగుందా? ఇల్లిల్లూ తిరిగి చెప్పిపోయిందిరా, మా తమ్ముడు పేటలో కిటికీ ఉన్న గది తీసుకున్నాడని. నా ఇసుర్రాయి కూడా ఇస్తానంటే, బరువు, అక్కడ కొనుక్కుంటాలే అంది."

"రాలేదా పిన్నీ ఇక్కడికి?"

"ఇక్కడికెందుకొచ్చిద్ది? నీకాడికే గదా పోయింది!"

పుల్లమ్మ మొహంలో సంతోషం మెల్లమెల్లగా పోతుంటే నెహెమ్యా చూడలేక వచ్చిన దారినే తిరిగిపోయాడు. పేటలో ఆమెకు తెలిసిన మనిషంటూ ఎవరున్నారు? బస్సు పిడుగురాళ్ళలో ఆగి, క్లీనరు దిగి పొయ్యిలో బొగ్గులు వేస్తున్నప్పుడు అక్క అన్న మాట గుర్తొచ్చింది. ఆ బీబీ గదే నయం గదరా.

ముందు గదికి వచ్చి మూట మళ్ళీ కట్టాడు. కంచాలు అడుగున, జొన్నలు పైన. నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటుతుంటే సుబ్బరత్నమ్మ ఎదురొచ్చింది.

"అయ్యో, నువ్వు మొయ్యడమేంది నాయనా! కూలివాణ్ణి పిలవకూడదూ? యాడికి ఆ జొన్నలు?"

"జొన్నలు కాదండి. మా అక్క సామాను."

"మీ అక్క వచ్చిందా? ఎప్పుడు?"

"నిన్న వచ్చిందండి. మీరు చూశారు." మూట దించకుండానే అన్నాడు. "మాకు గని లేదండి. మా అక్క గనిలో కూలి. మేం మాలపల్లెవాళ్ళం."

ఆవిడ అరుస్తుందని, చెంబూ చేటా విసిరేస్తుందని అనుకున్నాడు. అలాగైతే బాగుండేది. సుబ్బరత్నమ్మ అరుగు గోడను పట్టుకుని మెల్లిగా కూర్చుంది. ఆవిడ కళ్ళు ముందు బావి వైపు వెళ్ళాయి, తర్వాత అరుగు చివర చెంబు వైపు వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి.

"మీ అక్కా?" అంది. "సొంత అక్కా?"

"అవునండి."

"నేనంటే ఎరక్క చెప్పాను. నీళ్ళు నువ్వే పోశావు గదయ్యా."

నెహెమ్యా నెత్తి మీది మూటను రెండు చేతులా పట్టుకున్నాడు.

"గది ఖాళీ చెయ్యి నాయనా," అంది ఆవిడ తల తిప్పుకుని. అది కులం కోసం అందో, ఆ నీళ్ళ కోసం అందో అతనికి తెలియలేదు. బహుశా ఆవిడకూ తెలియదు.

ఈద్గా వెనక వీధికి మూట నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే మిల్లు హమాలీ ఒకడు చూసి, "ఏంది గుమాస్తాగారూ, మా పొట్టగొడతారా?" అని వేళాకోళం చేశాడు. నెహెమ్యా ఆగలేదు.

హజ్రా బీ వాకిట్లో మేకను మునగచెట్టుకు కట్టేసి ఆకు వేస్తోంది. గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల రోశమ్మ వంగి, ఎడమచేత్తో పేడనీళ్ళు చల్లుకుంటూ నేల అలుకుతోంది. నలిగిన వేళ్ళను తడవకుండా నడుం వెనక పెట్టుకుంది.

"రా బేటా," అంది హజ్రా బీ. "గది కోసం మళ్ళీ వచ్చావా? ఆలస్యం చేశావే. నిన్న ఈమెకిచ్చేశా. ఎవరూ లేనిదంట, పాపం. వెనకింటి సాబిరా దగ్గర పిండి విసిరే పని కూడా కుదిర్చా. మీ అక్క రాలేదా ఇంకా?"

నెహెమ్యా మూట దించాడు. రోశమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది.

"ఈమే పెద్దమ్మా," అన్నాడు. పక్కవాకిళ్ళలోకి వినపడేట్టుగా అన్నాడు. "ఈమే మా అక్క."

హజ్రా బీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. రోశమ్మ మొహం పాలిపోయింది. గబగబా వీధి అటూ ఇటూ చూసి, కొంగు భుజం మీదికి లాక్కుంది.

"కాదు బీబీ. బాబుగారు చానా మంచోరు, అందర్నీ అక్కా అంటారు. నేను ఆరి ఊరుదాన్ని అంతే. మూట మర్చిపోతే తెచ్చారు." అతని వంక చూడకుండా అంది. "ఎండ మండిపోతంది, గదికి పోండి బాబుగారూ."

ఆ గది కోసం ఆమె ఇంకా కాపలా కాస్తోందని అప్పుడర్థమైంది నెహెమ్యాకు. ఇక్కడ ఒక మాట పుడితే అక్కడిదాకా పాకుతుందని భయం. తనని తాను లేనిదాన్ని చేసుకుని, ఆ కిటికీ అతనికి మిగల్చాలని చూస్తోంది. ఎన్ని మాటలు చెబితే ఆమె నమ్ముతుంది?

"దాహమేస్తంది," అన్నాడు.

రోశమ్మ లోపలికి పోయి కుండలో ముంచిన గ్లాసుతో వచ్చింది. అతను అప్పటికే గుమ్మం ముందు మట్టిలో గొంతుక్కూర్చుని, తల వంచి, దోసిలి పట్టి ఉన్నాడు. నిన్న ఆమె కూర్చున్నట్టే. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా జరిగి ఉన్నాయి.

రోశమ్మ చేయి గాలిలో ఆగిపోయింది. నీళ్ళు పోయలేదు.

"గ్లాసుంది గదరా," అంది. "ఒరేయ్ నెహెమ్యా, లెయ్యరా. గ్లాసుంది గదరా నాయనా."

హజ్రా బీ చేతిలోని ఆకులు కింద పెట్టేసింది.

నెహెమ్యా లేవలేదు. అక్క కాళ్ళు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె గ్లాసు గుమ్మం మీద పెట్టి, పక్కనే కూలబడి, పేడచేత్తోనే అతని తల పట్టుకుంది. కాసేపయ్యాక కొంగుతో అతని మొహం తుడుస్తూ, చెవిలో రహస్యం చెబుతున్నట్టు అంది:

"ఏమనుకోలేదురా నేను. నువ్వు పో. ఆయమ్మ చూడకముందే పో. అప్పుడప్పుడూ ఆ వీధినే పోతా, కిటికీలోంచి కనపడుదువుగాని. ఆ గది మాత్రం ఇడిసిపెట్టబాక."

"ఆ గది లేదక్కా. చెప్పేశా ఆమెకి. పోయింది."

రోశమ్మ చేయి ఆగిపోయింది. నిన్న వీధిలో నిలబడి అబద్ధమాడినప్పుడు, దోసిలి పట్టినప్పుడు, కట్టుచీరతో వెనక్కి తిరిగినప్పుడు కూడా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"మరి నేను నీకేమీ కానని చెప్పింది దేనికిరా?" అంది. "అంతమందిలో, నా నోటితో నేను... అది ఉత్తదేనా?"

హజ్రా బీ మూట విప్పి, రెండు కంచాలూ తీసి, ఇంకా ఆరని నేల మీద గోడవారగా పెట్టింది.